చక్రం మొరాయించినప్పటి పాట

ఆ పెట్టె తెరవకు ఫ్రాన్సీన్. గుమ్మం దగ్గరే పెట్టు. ఇంకొంచెం అవతలికి. అక్కడుంటే పక్క గదివాళ్లదేమో అనుకుంటారు. నువ్వు మాత్రం లోపలికి రా తల్లీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, గోడకి ఆనించి కూర్చో.

ఎందుకలా చూస్తావు? రివాజు నాకు తెలియదా? బ్రాడ్వేలో కొత్త ఆటకి తెర లేచే రోజున, కోరస్‌లో అందరికంటే ఎక్కువ ఆటలు ఆడినవాడికి ఆ పెట్టెలోని అంగీ తొడగాలి. కిందటిసారి తొడుక్కున్న మనిషే స్వయంగా తెచ్చివ్వాలి. తొడుక్కున్నవాడు స్టేజి చుట్టూ మూడుసార్లు తిరగాలి, అదృష్టం కోసం అందరూ ముట్టుకోవాలి, ఆ ఆట గుర్తుగా ఏదో ఒకటి దానిమీద కుట్టాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి ఇదంతా పాఠం చెప్పేదే నేను. నాకే చెప్పొస్తావా?

మీ ఆటలో అందరూ పాలబుగ్గల వాళ్లే కాబట్టి ఈ వయసుకే నీకు దక్కింది. నవ్వకు. నాకు దక్కడంలో మాత్రం వింతేముంది? నా వయసువాళ్లందరూ బీమా కంపెనీల్లో చేరిపోయారు. వింత ఏమిటంటే, ఈ ఆటలో అది నాకు రాకూడదు. ఈసారి నేను కోరస్ కాదు. బోస్టన్ దాకా కాదు.

నీకెవరూ చెప్పలేదా? అయ్యో, మరి విను. అరగంట టైముంది కదా.

న్యూయార్కుకి తెచ్చేముందు బయట ఊళ్లలో ఆడి చూసుకుంటాం కదా, అలాగే న్యూ హేవెన్‌లో మొదటి ఆట వేశాం. ఈ ఆటకి స్టేజి మీద పెద్ద చక్రం పెట్టారు. ఒక సగం మీద పడవల రేవు, రెండో సగం మీద పెళ్లివారి హాలు. చక్రం తిరిగితే రేవు వెనక్కి పోయి పెళ్లి ముందుకి రావాలి. అది సగం తిరిగి మొరాయించింది. పెళ్లికూతురు పూలగుత్తి పట్టుకుని సముద్రంలో నిలబడింది. జనం పడీ పడీ నవ్వారు. మా డైరెక్టరు చేత్తో మొహం కప్పుకున్నాడు.

మోటారు మారేదాకా మనుషులే తొయ్యాలి. తోసేంతసేపూ జనాన్ని ఎవడో ఒకడు పట్టుకోవాలి కదా? అందుకని పాత మందు బయటికి తీశారు. ఒక తెర దించెయ్యడం, దాని ముందు ఒకడు నిలబడి పాడడం, వెనకాల ఇల్లూ వాకిలీ మార్చెయ్యడం. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆటలన్నీ ఇలాగే ఉండేవి. కథ ఏదో, పాట ఏదో. హీరోయిన్ జైల్లో ఉంటే తెర ముందు ఒకడు వెన్నెల మీద పాడేవాడు. వెనక సుత్తులు టకటకమనేవి. ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

తర్వాత కదా పెద్దలు వచ్చి, పాటంటే కథని ముందుకి నడపాలన్నారు. మంచి మాటే, కాదనను. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ నడకలో తెర ముందు పాడేవాడు కాళ్ల కింద పడతాడని అప్పుడు తోచలేదు.

ఇంతకీ, న్యూ హేవెన్ హోటల్లో పాటలు రాసేవాళ్లిద్దరూ కూర్చుని పొద్దుటికల్లా ఒక పాట తెచ్చారు. పాడేది రేవులో పడవ నడిపే ముసలి కెప్టెన్, ఉద్యోగంలో అతని ఆఖరి రోజు. అప్పుడు డైరెక్టరు, "వెనకాల ఈ గోల మీదుగా వినబడే గొంతు ఎవరిదయ్యా?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. చూశావా, గొంతు బాగుందని కాదు, గట్టిగా ఉందని.

అయితేనేం. తాడు కట్టేశాను, నీళ్లు మాత్రం ఆగలేదు అని ఒక చరణం ఉంది. అక్కడికి వచ్చేసరికి హాల్లో ఎవరూ దగ్గలేదు. అంత మంది దగ్గకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదమ్మా. నాకూ అప్పుడే తెలిసింది. మర్నాడే కోరస్ ఒప్పందం చింపేసి పాత్ర ఒప్పందం ఇచ్చారు. కెప్టెన్ డ్వయర్. పేరున్న మనిషిని అయ్యాను.

వెంటనే పాటర్సన్‌లో మా అన్నకి ఫోను చేశాను. రోకో అని చెప్పాను కదా, మాంసం కొట్టు. వాడు నా ప్రతి ఆటా చూశాడు. ప్రతిసారీ ఒకటే మాట, "ఒరేయ్ అమెడియో, అందరికీ ఒకటే మీసం పెడితే నిన్నెలా పోల్చుకోనురా? ఒకసారి చెయ్యి ఊపు." ఒకసారి ఊపాను కూడా. ఫైను వేశారు.

ఈసారి చెప్పాను. "అన్నా, చెయ్యి ఊపక్కర్లేదు. స్టేజి మీద నేనొక్కణ్నే ఉంటాను." అవతల ఏదో బుర్రుమంది, లైను చెడిందనుకున్నాను. ముక్కు చీదుకుంటున్నాడు, వెధవ.

ఆ తర్వాత బోస్టన్. కొత్త మోటారు బిగించారు. చక్రం తిరిగింది ఫ్రాన్సీన్, వెన్నలో కత్తి దిగినట్టు. రేవు వెళ్తుండగానే పెళ్లి వస్తోంది, పెళ్లికూతురు ఆ కదిలే చక్రం మీదే నడుచుకుంటూ వచ్చి పాట అందుకుంటోంది. చూస్తే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత అందంగా మన ఆటలు ఎప్పుడు తయారయ్యాయిరా అనుకున్నాను. అనుకుంటూనే పైన కట్టిన తెర వైపు చూశాను. ఇక దాన్ని దించే పనేముంది?

డైరెక్టరు మంచివాడు. భుజం మీద చెయ్యి వేసి, "అమెడియో, పాటలో ఏ లోపమూ లేదు. అది ఉండే చోటే లేకుండా పోయింది" అన్నాడు. బాగాలేదంటే ఏడ్చి ఊరుకునేవాణ్ని. బాగుందని చెప్పి తీసేస్తే ఏం చెయ్యాలి? ఎవరితో పోట్లాడాలి, మోటారుతోనా?

మళ్లీ కోరస్ ఒప్పందం మీద సంతకం పెట్టాను. పెట్టకపోతే ఇంటికే. ఇప్పుడు పెళ్లిలో కుడిపక్క చివర నిలబడతాను. గెంతుతాను కూడా. మా రోజుల్లో పాడేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు. ఇప్పుడు పాడేవాడు గెంతాలి, గెంతేవాడు పాడాలి. నా మోకాళ్లు ఏమంటాయో వాటినే అడుగు.

సరే, తెచ్చెయ్ ఆ పెట్టె. ఎంతసేపు దాస్తాం?

అబ్బ, ఎంత బరువెక్కింది. ఇదిగో ఈ ఈకలు కుట్టిన ఆట నాకు గుర్తుంది, నేనూ ఉన్నాను. శనివారం మొదలై బుధవారానికి పోయింది. ఈ గంట కుట్టినామె పేరు హర్మియోన్. మేమందరం ఆమెని అమ్మమ్మా అని పిలిచి ఏడిపించేవాళ్లం. ఈ అంగీ తొడుక్కుని ఏడ్చింది. సంతోషం అనుకున్నాం.

మా ఆటలోంచి కూడా ఏదో ఒకటి కుట్టాలి కదా. నేనేం కుట్టను? కెప్టెన్ టోపీ తిరిగి తీసేసుకున్నారు, అద్దెదట. పెళ్లి కోటుకి గుండీ ఉంది, అలాంటివి అందరి కోట్లకీ ఉన్నాయి.

రోకోకి చెప్పావా అంటావు. నీ కళ్లు అదే అడుగుతున్నాయిలే.

కొట్టు మూసి వచ్చాడమ్మా. మా నాన్న పోయిన రోజున కూడా మధ్యాహ్నం తెరిచినవాడు. బస్సు మాట్లాడి వీధి వీధంతా ఎక్కించుకొచ్చాడు. వెనక గుమ్మం కాపలా ముసలాయనకి సాసేజీల పొట్లం ఇచ్చి ఇందాక ఇక్కడికే వచ్చాడు, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే. కొత్త టై. "ఏరా కెప్టెన్, ఎప్పుడొస్తావు?" అన్నాడు.

చెబుదామనే నోరు తెరిచాను. "రెండో అంకంలో" అని వచ్చింది.

పిలుస్తున్నారు, విన్నావా? పట్టుకో, చేతులు ఎక్కించు. ఈ పక్క చిరుగుతోంది, మెల్లిగా.

వాళ్లందరూ ఆట బాగా ఆడాలని నన్ను ముట్టుకుంటారు. నేనేం కోరుకుంటూ తిరుగుతానో చెప్పనా? ఆ చక్రం ఇరుక్కోవాలని. ఒక్క ఈ రాత్రికి. ఆ తెర ఇంకా తీసెయ్యలేదు, పైన కట్టేసే ఉంది.

ఇరుక్కోదులే. మధ్యాహ్నం వెళ్లి చూశాను. ముందే నూనె పోసి ఉంచారు, కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

పద. మెట్ల దగ్గర చెయ్యి అందించు. రోకో నా పాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు, ఆ చక్రం ఎప్పుడు తిరిగిపోయిందో కూడా వాడికి తెలియదు.