కొమ్ము పురుగా, గరికా?

"ఆంటీ, రేపు పాయా లేబార్‌లో మా ఆఫీసు మీటింగులో ఒక్కొక్కళ్ళూ తమని ఏదో ఒక ప్రాణితోనో మొక్కతోనో పోల్చుకుని చెప్పాలంట. ఏం చెప్పను?"

ఓరి దేవుడా, ఆ జబ్బు ఇంకా పోలేదా! కూర్చో, కాఫీ తాగుతూ విను. మీ అంకులూ అలాగే ఇరుక్కున్నారమ్మా. అప్పుడు మేం సింగపూర్‌కి కొత్త, క్లెమెంటి పేటలో మూడు గదుల ఫ్లాటు... కాదు, రెండే, మూడోదానికి ఓనరు తాళం వేసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, పిలిచి ఉద్యోగాలిచ్చే రోజులు. హాకర్ సెంటర్లో, ఆ చవక తిండి దుకాణాల్లో, కాఫీ అరవై సెంట్లే.

టీము లీడరు పోస్టుకి ఇద్దరు పోటీ, మీ అంకులూ, శ్రీధరని ఒకతనూ. మీటింగులో బాసు ఇదే అడిగాడు. శ్రీధర్ లేచి, "నేను కొమ్ము పురుగుని, నాకంటే ఎన్నో రెట్ల బరువు మోస్తాను" అన్నాట్ట. మీ అంకుల్ ఊరుకుంటారా? "నేను గరికని, ఎంత తొక్కినా మళ్ళీ లేస్తాను" అన్నారు. ఇంటికొచ్చి మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మాది కోనసీమ కదా. కొమ్ము పురుగు కొబ్బరి మొవ్వు తొలిచేస్తుంది, మా నాన్న చువ్వ పెట్టి బయటికి లాగేవాడు. గరికేమో, వినాయకుడికి పెడతాం, కాదనను, కానీ చేలో పడితే మా మావగారు తిట్టుకుంటూ తవ్వి పోసేవారు. "ఏవండీ, రెండూ రైతు పీకి పారేసేవే! రైతుబిడ్డ అయ్యుండి ఇదేం కోరికండీ?" అన్నాను. "నీకు కార్పొరేట్ తెలీదు" అన్నారు. నిజమే, తెలీదు మరి!

బాసు పురుగుని లీడరు చేశాడు. గరిక అలిగి చారన్నం కూడా ముట్టలేదు. మోయడం గొప్పా, తొక్కించుకోవడం గొప్పా అని నన్నే అడిగేవారమ్మా! ఈలోగా కంపెనీలన్నీ ఢమాల్. టీమందర్నీ ఒకే గదిలోకి పిలిచి, ఒకే మాట చెప్పి పంపేశారు. ఉద్యోగం లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు కూడా ఉండదు, తెలుసుగా. పాపని అప్పుడే స్కూల్లో వేశాం. ఇంకోటి దొరక్కపోతే ఊరొదిలి పోవాల్సిందే. ఏడ్చాను, నీ దగ్గర దాపరికమేముంది.

తరవాత ఓ ఇంటర్వ్యూలో చైనీసావిడ మళ్ళీ అదే ప్రశ్న! ఈయన ఈసారి గరిక ఊసెత్తలేదట. "మేడమ్, నేను మనిషిని. పని వచ్చు. పాపకి స్కూలుంది" అన్నారు. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఎప్పుడు చేరతావని అడిగింది.

నువ్వూ అదే చెప్పు. వాళ్ళు ఆ జవాబు విని చాలాకాలమై ఉంటుంది. చల్లగా ఉండు తల్లీ, తొందరగా పీఆర్ వచ్చి ఇక్కడే స్థిరపడాలి నువ్వు...