సారు మొహం మీద ఉప్పు

అండమాన్‌లోని డిగ్లీపూర్ బడిలో గోడంత టచ్‌స్క్రీన్ మీద మాట్లాడుతున్న పోర్ట్ బ్లెయిర్ ఆఫీసరు ఉన్నట్టుండి మాయమయ్యాడు. తడిగుడ్డ పట్టుకున్న ప్యూను బిక్కమొహం వేశాడు.

“అరే భయ్యా, మీటింగు కట్ చేసేశావే!” అంది తెలుగు టీచరు.

“సారు మొహం ఉప్పుగాలికి తెల్లగా అయిపోయింది దీదీ! గీకితే వారం రోజులు కూరల్లోకి సరిపోద్ది. తుడిచాను, బస్, అంతే.”

“తుడుస్తూ ఎర్ర బటన్ నొక్కేశావు. ఆరుగురే పిల్లలున్నారని తెలుగు క్లాసు మూసేస్తారో ఉంచుతారో చెప్తున్నారాయన.”

ఆ ఆరుగురిలో ప్యూను కూతురొకతి.

“మూసేయమన్నారా?”

“‘తెలుగు క్లాసు విషయంలో మా నిర్ణయం’ అన్నారు. అంతలో నువ్వు తుడిచావు.”

“అయితే ఇంకా మూయలేదన్నమాటే! గంట కొట్టేస్తాను దీదీ, మీరు పాఠం మొదలెట్టండి.”