మానిన వీపు

కేసముద్రం తొవ్వల ఒక రేకుల ఇల్లు. బస్తాల లారీ మీంచి పడి నడుమిరిగిన హమాలి కట్టయ్య మూడేండ్ల సంది అందులనే, మంచం మీదనే. పక్కన భార్య భద్రమ్మ. మంచాన పడ్డోళ్ళను ఇంటికే పోయి చూసే ట్రస్టు నర్సు శోభారాణి నాలుగు నెలల తర్వాత ఇయ్యాల వచ్చింది.

"చెయ్యెత్తు కాకా, జర. ఈ పచ్చంగి తొడిగితె ఆగస్టు అయిపోతది."

"అయిపోతదా? ఆగస్టుల ఇంట్ల చీలమండల దాక నీళ్ళు, సిస్టరమ్మా. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టినం. ఫోటోకు అవి సుత పెట్టాల్నా?"

"పరాచికాలొద్దు కాకా. నాలుగు అంగీలు, నాలుగు నెలలు. గంటల అయిపోతది. తారీఖులు మా సార్ కంప్యూటర్ల ఎక్కిస్తడు. చిన్నమ్మా, గా గోడ మీది క్యాలెండర్ తీసెయ్. డిసెంబర్ కనబడతాంది."

"తీస్తాన్న బిడ్డా. మంచం సుత గా గోడకు జరుపుదామా? ఒక్కో నెల ఒక్కో తీరు అవుపడతది."

"అబ్బ! చిన్నమ్మకున్న తెలివి మా సార్‌కు లేదు."

"ఏమే భద్రీ, సిగ్గుందా నీకు? ఆమెకు అందిస్తానవా?"

"నువ్వు ఊకో. బిడ్డ తిరిగి తిరిగి అలిసి వచ్చింది."

"అలిసిందట! నాలుగు నెలల సంది నా నడుము కింద పుండు కుళ్ళుతాంది. నా సొంత అన్న పాండురంగం మొన్న గడప కాన్నే నిలబడి, ముక్కుకు తువ్వాల పెట్టుకొని 'బాగున్నవారా' అని అడిగి పోయిండు. నా వాసనకు నాకే వాంతికొస్తాంది. ఈమె అలిసిందట."

"నేనొక్కదాన్నే కాకా. పద్దెనిమిది ఊర్లు. ఇంకో నర్సు మానేసి ఏడాదాయె, ఆమె ఊర్లు సుత నా నెత్తినే."

"తెలుసు. అందుకే రాకపోతె ఏమనలే. రాలేదు అనుకున్న, గంతే. రాకుంటనే వచ్చిన అని రాసుకున్నవు చూడు, గక్కడ కాలుతాంది నాకు."

"రేపు ట్రస్టుకు పైసలిచ్చే పెద్దోళ్ళు వస్తాండ్రు చూసెటందుకు. ఫోటోలు లేకుంటె ఇంటికొచ్చి చూసుడే బంద్ పెడతరట. బంద్ పెడితె ఎవలకు నష్టం? మీకే కదా?"

"ఉన్ననాడు ఏం లాభమైందో చెప్పు. నష్టం సంగతి తర్వాత మాట్లాడుదాం."

"నాలుగు నెలలు అయినయి. ఇగో, ఇది ఆఖరుది, మీటింగు ఫోటోకు. టీషర్టు. మొన్న మీటింగుల పంచినం."

"ఏం మీటింగు?"

"మూడో తారీఖు వికలాంగుల దినం కదా కాకా. నువ్వు సుత వచ్చినట్టే రాసినం."

"నడుచుకుంటనే వచ్చిన్నా?"

"తల జర ఎత్తు కాకా, తొడగనియ్యి."

"సరే, రొమ్ము మీద ఏం రాసున్నది? నాకు చదువు రాదు."

"ఏదో ఉంటది తియ్యి."

"చదువు సిస్టరమ్మా. నా రొమ్ముకే కదా తొడుగుతానవు."

"'సేవ మా హక్కు. భిక్ష కాదు.'"

"థూ!"

"అయ్యో! దాని మీదనే ఉమ్మినవా! ఇది ఒక్కటే ఉన్నది కాకా నా కాడ!"

"తుడుస్త బిడ్డా, తుడుస్త. ఏమనుకోకు. మంచంల పండి పండి ఆయన నోరు గట్లయింది."

"నోరొక్కటే కదనే ఇంక ఆడుతాంది నాకు. తీసినవా ఫోటో? ఇగ చిట్టీ రాయి."

"చిట్టీ... రాస్త కాకా, తొందరేంది."

"గడపల అడుగు పెట్టంగ ఏమన్నవ్? 'ఫోటోలు దిగు, హనుమకొండల మా వార్డుకు చిట్టీ రాస్త' అన్నవా లేదా?"

"ఔ బిడ్డా. ఆటోల కూసునే నడుము కాదాయె. మీ ఆఫీసుకు ఎన్నిసార్లు ఫోన్ చేసిన! నర్సు రాస్తెనే వ్యాన్ వస్తదన్నరు."

"ముందుగాల గాయం చూడనియ్యి చిన్నమ్మా."

"చూడు! అదే కదా నేను మొత్తుకునేది. భద్రీ, నన్ను పక్కకు ఒరిగియ్యి."

"మెల్లగ... గా గుడ్డ తియ్యి బిడ్డా. అంటుకొని ఉంటది, తడిపి తియ్యి."

"దేవుడా."

"ఏమైంది సిస్టరమ్మా? ముక్కు మూసుకున్నవా నువ్వు సుత?"

"చిన్నమ్మా, ఈ లోపల తెల్లగ... ఎప్పటి సంది?"

"దసరా సంది. బొక్కే అది, నడుమెముక. ఉప్పునీళ్ళతోని కడుగుతాన్న, నువ్వు నేర్పిచ్చినట్టే."

"చూసినవ్ కదా? రాయి మరి."

"రాయలేను కాకా."

"ఏందీ?"

"సెప్టెంబర్లనే మానిందని రాసి ఉన్నది. మానినోనికి వార్డు ఎట్ల ఇస్తరు?"

"మానిందా! నా వీపు నాకు చెప్పకుంటనే మానిందా!"

"జర మెల్లగ కాకా. ఇంకొక్క ఫోటో ఉన్నది. మానిన వీపు ఫోటో. గది లేకుంటె రేపు దొరికిపోత. చిన్నమ్మా... నీ వీపు ఒక్కసారి... మొఖం రాదు. నడుము కాడ జానెడు జాగ చాలు."

"నా పెండ్లాం రైక ఇడువాల్నా! లే! లెవ్వు నా మంచం కాన్నుంచి!"

"అరువకయ్యా, వాడకట్టు ఇంటది. వీపే కదా. తీసుకో బిడ్డా. ఉండు, తలుపు పెట్టొస్త."

"వద్దే భద్రీ! నీ కాళ్ళు మొక్కుత!"

"నీకు పుణ్యముంటది చిన్నమ్మా. గిట్ల ఎలుగు మొఖాన... చిన్నమ్మా? బయటికెందుకు పోయినవ్? గొళ్ళెం పెడతానవా? చిన్నమ్మా!"

"కిటికీ కాడికి రా బిడ్డా. ఇనబడతాందా? మీ సార్‌కు ఫోన్ చేసి వ్యాన్ పంపుమను. అది వచ్చినంక గొళ్ళెం తీస్త."

"నా నౌకరి పోతది చిన్నమ్మా!"

"ఆయన పానం పోతది. రెండిట్ల ఏది ముందుగాల పోతదో లోపలనే కూసుండి చూడు."

"ఇది తప్పు! పోలీసు కేసైతది!"

"కానియ్యి. ఠాణోళ్ళన్న వచ్చి చూస్తరు ఆ వీపును."

"కాకా, నువ్వన్న చెప్పు ఆమెకు. ఈ వాసనల ఎంతసేపు కూసోవాలె?"

"నేనేం చెప్పాలె? కూసో. జర సేపైతె వాసన అలవాటైతది. ఆమెకు గట్లనే అయింది."

"నీ మాటైతె ఇంటది కాకా."

"నన్ను చూస్తవేంది? ఫోన్ చూడు."

"హలో... చంద్రమౌళి సార్? శోభారాణిని. కట్టయ్య ఇంటి కాడ ఉన్న. వ్యాన్ కావాలె సార్... ఫోటోలు కాదు, వ్యాన్. బొక్క కనబడతాంది... మానలేదు సార్... ఔ, రాసింది నేనే. రాయమన్నది మీరు... లేదు సార్, ఒక్క వ్యాన్ సరిపోదు. మానిందని మీరు రాయించిన పదకొండు మందిల ఒక్కల వీపు సుత నేను చూడలే."