సున్నం పట్టీలు

దువ్వాడ దగ్గర కొండవాలు, 1983. జీడిమామిడి తోట కనపడని దిగువ మలుపులో తోడికోడళ్ళిద్దరు: పెద్దామె దీవెనమ్మ, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న చిన్నామె పుష్పకుమారి.

"మళ్ళీ సెప్పు. నా మొకం సూసి సెప్పు. నా సెట్లకి సున్నం ఎవరేసారు?"

"నానే ఏసానక్కా."

"ఓలమ్మో, ఎంత దైర్నం! నీ రెండు పట్టీలు నీ సెట్లకి ఏసుకున్నావ్ సరే, నా సెట్లకి కూడానా?"

"సున్నమే కదక్కా. కడిగితే పోద్ది."

"సున్నమే కదా అంతన్నావా? ఎవరి సున్నం పట్టీ ఉంటే ఆల్దే సెట్టని ఊర్లో పసిగుంటకీ తెలుసు. జీడిపిక్కలేరీకాడ తగువులొద్దని మన అత్తే కదే ఆ రూలెట్టింది!"

"ఎట్టింది, ఎట్టింది. ఇంటికెల్లక్కా, ఎండెక్కతంది."

"ఎండ సంగతి నాకొగ్గీ. నిన్న ఫారెస్టు గార్డు నీ గుమ్మంలో కూకుని టీ తాగాడు. నా గుమ్మం తొక్కనేదు. ఏటి సెప్పాడు?"

"ఏటీ సెప్పనేదు."

"ఏటీ సెప్పకపోతే తెల్లారీసరికి తోటంతా తెల్లగా అయిపోనాదా? గవర్నమెంటోలు సెట్లకి పట్టాలిత్తన్నారంట. కంచరపాలెంలో మా తమ్ముడు సెప్పాడు. భూమి సర్కారుది, సెట్టు మనదీ అంట. నా సెట్లు కూడా నీ పేర్న రాయించుకుందామనే కదే?"

"ఆ పట్టాలు ఏరే కొండకక్కా. మనది... వద్దులే."

"మనదేటి? మింగీకు, సెప్పు."

"ఏటీ నేదు."

"నంగనాచి! నీకెప్పుడూ ఇంతే. అత్త బతికున్నన్నాళ్ళూ 'పుష్పా, పుష్పా' అని నీ సేతి కూరే తినీది. కోతల పండక్కి గుడిలో పాస్టరుగారు నీ బుట్టే ముందెట్టారు. నా పళ్ళు వగరంట! ఒకే కొండ, ఒకే వాన, నీ సెట్టుకే తీపెక్కడనించొచ్చింది? మరిది పోనాక కూడా సూడు, ఊరంతా 'అయ్యో పాపం పుష్పకుమారి' అనీవోలే. నన్నొక్కలు పాపం అన్నారా ఎప్పుడైనా?"

"నీకు దండం ఎడతానక్కా. ఆ సున్నం ముట్టుకోకు."

"ముట్టుకోడమేటి, గీకీసాను."

"ఏటీ?"

"పొద్దున్నే గీకీసాను. నా సెట్లవీ, నీ సెట్లవీ కూడా. ఇంటికప్పుకని మీ బావ కొన్న తారుంది కదా, దాన్తో ప్రతి సెట్టు మీదా 'శుభాకర్, పోర్టు కలాసీ' అని మీ బావ పేరు రాసీసాను. మూడో క్లాసు దాకా సదివాను నానూ. అది కడిగితే పోదు."

"ఓలమ్మా... ఎంత పని సేసావక్కా!"

"ఏడు, ఏడు. పట్టా పోనాదని ఏడు."

"పట్టా నేదు, పాడూ నేదు! ఈ కొండ రిజర్వు ఫారెస్టులో కలిపీసారు. తోటలేసినోలందరి మీదా కేసులెడతారంట. సెట్టు మీద ఎవరి గుర్తుంటే ఆల్మీదే. రేంజరుగారి జీపు పైకెల్లిపోనాది కూడాను."

"అబద్దం."

"దేవుడి సాచ్చిగా నిజం. నాకు పోడానికేటుందక్కా? జైల్లో ఎడితే ఉండొత్తాను. బావది సర్కారు జీతం. అడివి ఆక్రమించాడని కేసైతే ఉజ్జోగంలో ఉంచుతారా? అందుకే తోటంతా నాదేనని సున్నం ఏసాను."

"మరి... మరి నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే నువ్ ఊరంతా వినీలాగ అరుత్తావని, వద్దన్నాడు."

"ఎవడు?"

"రా అక్కా, బేగి పైకెల్దాం. బురదైనా పూసి కప్పీదాం."

"ఎవడొద్దన్నాడే?"

"...బావ."

"మీ బావా? ఆడికి ముందే తెలుసా?"

"గార్డుని మా ఇంటికి తోలింది బావే. తోటంతా నాదని ఒప్పేసుకోమన్నాడు. సరేనన్నాను. అదిగో, పైన కేకేత్తన్నారు, శుభాకర్ ఎవడని! ఉజ్జోగం పోద్దక్కా, రా!"

"పోతే పోనీ! కట్టుకున్నదాన్ని నానుండగా, ఆ మాట ముందు నీకెందుకు సెప్పాడే?"