పాట మధ్యలో మాటలు

పాత వీడియో టేపుల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిపెట్టే ఇరుకు దుకాణం. బల్లకు అటు దుకాణదారు, ఇటు టేపులిచ్చిన పెద్దాయన. పెద్దాయన భార్య మెడకు గుడ్డ చుట్టుకుని గుమ్మం బయట బెంచీ మీద కూర్చుంది.

"అది కాదు బాబాయ్, నాలుగు టేపుల నిండా ఒకే గాయని. ఒక పుట్టినరోజు లేదు, ఒక పెళ్ళి లేదు. ఇంత పిచ్చి నేనెక్కడా చూళ్ళేదు."

"ప్రతి ఆదివారం టీవీలో వచ్చేది. ఊరంతా చూసేది."

"ఊరంతా చూసింది. మీరు దాచుకున్నారు."

"పనయిందా లేదా, అది చెప్పు."

"మూడయ్యాయి. నాలుగోది మిషన్లో ఉంది. పిన్నిగారు ఎండలో కూర్చున్నారు, లోపలికి రమ్మనండి."

"ఎండంటే ఇష్టం ఆవిడకి. ఉండనీ."

"దండం పెడితే తలూపారు, అంతే. ఒక్క మాట లేదు. అలకా?"

"అలాంటిదే అనుకో."

"ఈ గాయని గురించేనా? ఇన్నేళ్ళ తర్వాత కూడానా?"

"నీ నోటికి తాళం లేదురా అబ్బాయ్."

"చదువు ఐదో తరగతిలో ఆగింది బాబాయ్. నోరు ఆగలేదు. ఒకటడుగుతా, టీవీకి ఎదురుగా కెమెరా పెట్టి తీశారే, అదేం పద్ధతి?"

"టీవీలో వచ్చేది నేరుగా టేపులోకి ఎక్కించే మిషను కొనే స్తోమత లేదు. పెళ్ళిళ్ళు తీసే కెమెరా ఉండేది. అదే ఇంటికి తెచ్చి, స్టాండు మీద పెట్టి, టీవీ వైపు తిప్పేవాణ్ణి."

"పెళ్ళిళ్ళు తీసిన మనిషై ఉండి, గదిలో చప్పుళ్ళన్నీ ఎక్కుతాయని తెలీదా?"

"తెలుసు. ఎలా ఉన్నాయి ఆ చప్పుళ్ళు? వినపడుతున్నాయా?"

"వినపడ్డమా? కుక్కరు కూత, తలుపు కిర్రుమనడం, ఎవరో తుమ్మడం. అవన్నీ ఒకెత్తు. ఒకావిడ ఉంది చూడండి, పాట మొదలైతే చాలు, ఆవిడా మొదలు."

"ఏమంటుంది?"

"ఏమనదు? ఆ జుట్టు గాయనిది కాదట, అద్దెకు తెచ్చిందట. చేయి అలా ఊపుతోందేం, బస్సు ఆపుతోందా అంటుంది. కార్యక్రమం మధ్యలో గారడీ వాడొచ్చి టోపీలోంచి పువ్వులు తీస్తే, ఆ టోపీలో కాస్త శ్రుతి ఉంటే తీసి ఆమెకివ్వమంటుంది. నాకే నవ్వాగలేదు."

"అవును. అలాగే అనేది."

"ఎవరు బాబాయ్ ఆవిడ? పక్కింటావిడా?"

"తర్వాత చెప్తాలే. ఇంకా ఏమంది?"

"ఇంకేమంది ఏంటి, ఊపిరి తీసుకుంటే కదా. మధ్యలో ఒక మగాయన విసుక్కుంటాడు, 'కాసేపు నోరు మూసుకుని ఉండలేవా' అని. పాపం ఎంత వేగాడో. మీరేనా అది?"

"నేనే."

"గొంతు పోల్చుకున్నాలెండి. అందుకే అనుకున్నా, ఈయన అప్పట్నుంచీ ప్రశాంతంగా ఒక్క పాట విని ఎరగడు, మనమైనా వినిపిద్దాం అని. మీరు అడగలేదు, నేనే చేశా. పైసా ఎక్కువ వద్దు."

"ఏం చేశావ్?"

"శుభ్రం చేశా. కంప్యూటర్లో మాటలు వేరు, పాట వేరు చేయొచ్చిప్పుడు. మూడు రోజులు కూర్చున్నా బాబాయ్, నడుం పడిపోయింది. మూడు టేపుల్లోనూ ఆవిడ మాట ఒక్కటి దొరికితే నా చెవి కోయించుకుంటా. ఇదిగో వినండి, గాయని పక్కనే నిలబడి పాడినట్టు లేదూ? అలా గుమ్మం వైపు చూస్తున్నారేం, బాగాలేదా?"

"బాగుంది. తీసేసినవి ఎక్కడున్నాయి?"

"ఏవి?"

"ఆ మాటలు."

"చెరిపేశా. చెత్త ఎవరు దాచుకుంటారు? ఒకచోట గాయనితో పాటు ఆవిడా పాడింది. అబద్ధమెందుకు, పర్లేదు, బాగానే పాడింది. అయినా తీసేశా."

"పాడిందా? అది నాకు గుర్తు లేదు."

"మీరు విసుక్కున్నాక ఆపేసిందిలెండి."

"పోనీ అసలు టేపులు ఇచ్చెయ్. అవి ఇస్తే చాలు, ఇంకేమీ వద్దు."

"అవా? ఎక్కించాక పారేస్తాను బాబాయ్. బూజు పట్టినవి, పక్కనున్న వాటికి కూడా అంటుకుంటుంది. పొద్దునే చెత్తబండికి వేశా. వద్దని మీరు చెప్పలేదు."

"చెప్పలేదు. పాటలు ఎక్కించమన్నాను, అంతే. అసలు సంగతి చెప్పడానికి సిగ్గేసింది."

"మీ మొహం అలా అయిపోయిందేంటి? కూర్చోండి ముందు. నాకేం అర్థం కావట్లేదు. మీకిష్టమైన గాయనే కదా?"

"ఆ గాయని పాటలు ఫోన్లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. దానికి నీ దగ్గరికెందుకు వస్తాను?"

"మరి?"

"నాలుగో టేపు మిషన్లో ఉందన్నావు. దాన్ని కూడా శుభ్రం చేశావా?"

"ఇంకా లేదు. ఇవాళ మొదలుపెడదామనే..."

"ముట్టుకోకు."

"ముట్టుకోను. పిన్నిగారిని పిలవనా? ఆవిడనే చెప్పమంటా, పాట కావాలో, పక్కింటావిడ వాగుడు కావాలో."

"పిలువు. ఆవిడ నోటితో చెప్పలేదు గానీ, పిలువు."

"అదేంటి, అంత అలకా?"

"అలక కాదురా. మెడ చుట్టూ ఆ గుడ్డ చూశావుగా. గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి, ఉన్నదంతా తీసేశారు. ఏడాదైంది. ఏం కావాలన్నా కాగితం మీద రాస్తుంది. మొన్న రాసింది, నా గొంతెలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదు అని. ఇల్లంతా వెతికాను. మూడు వందల పెళ్ళిళ్ళు తీశాను, ఎవరెవరివో అత్తల గొంతులు ఉన్నాయి నా దగ్గర. ఈవిడది ఎక్కడా లేదు. ఈ నాలుగు టేపుల్లో తప్ప."

"పక్కింటావిడ అన్నాను బాబాయ్. వాగుడన్నాను. చెత్త అన్నాను."

"నువ్వన్నది నయం. నేనేమన్నానో టేపులో విన్నావుగా."

"పిన్నిగారూ, ఒక్కసారి లోపలికి రండి. చూసుకుని, మెట్టు ఉంది. ఈ కుర్చీలో కూర్చోండి. బాబాయ్, మీరు కాస్త ఇటు జరగండి."

"ఏం చేస్తున్నావ్?"

"నాలుగో టేపులోనూ ఒక చిన్న ముక్క వరకు పాట, మాటలు వేరు చేస్తున్నా. అసలు టేపు అలాగే ఉంటుంది, మీ చేతికే ఇస్తా, భయపడకండి. ఇదిగో, వచ్చింది... పాట ఆపేశాను పిన్నిగారూ. ఇక మీరు మాట్లాడండి."