ఆనందరావు అంకుల్ విన్న ఎనిమిది పాటలు

"రండర్రా, దగ్గరికి రండి. మెట్ల మీద కాదు, చాప మీదికి. హస్సాన్, చెప్పులు అక్కడ విడిచి రా నాయనా. పింకీ, మహీన్ పక్కన జరిగి కూర్చో. ఆ చిప్స్ ప్యాకెట్ మధ్యలో పెట్టండి, నాకూ అందేట్టు. కూర్చున్నారా? ఆఁ."

అది సిడ్నీలో హారిస్ పార్క్ అనే పేటలో ఆనందరావుగారి ఇంటి వరండా. రెండువేల ఒకటో సంవత్సరం, మే నెల, ఆదివారం సాయంత్రం. ఆనందరావుగారు ఒకప్పుడు తెనాలి దగ్గర పల్లెలో లెక్కల మాస్టారు. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని, తొంభై తొమ్మిదిలో వైటూకే పని మీద సిడ్నీ వచ్చారు. పాఠం చెప్పే గొంతు మాత్రం అక్కడ వదిలి రాలేదు.

మహీన్‌కి పన్నెండేళ్లు. పక్క వీధి కిరాణా కొట్టు సాజిద్‌గారి కూతురు. రేపు పొద్దున మొదటి పీరియడ్‌లో ఆ పిల్ల క్లాసు ముందు నిలబడి, పాత రాక్ ఆల్బమ్ ఒకదాని గురించి పాట పాటకీ చెబుతూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. పోయిన టర్మ్‌లో ఇలాగే నిలబెడితే ఒక్క మాట పెగలక ఏడ్చి కూర్చుంది. ఈసారి అలా కాకూడదు. ఆనందరావు అంకుల్ దగ్గర 'రస్టీ గేట్' అని డెబ్భైల నాటి రికార్డు ఉందనీ, దాన్ని ఆయనలా విన్నవాడు ఆస్ట్రేలియాలోనే లేడనీ విని, నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. విన్నది ఎవరి దగ్గరంటే, అంకుల్ దగ్గరే. వెంట తమ్ముడు హస్సాన్, ఎదురింటి పింకీ.

రికార్డు అంకుల్ ఒళ్లో ఉంది. అట్ట మీద ఎర్రమట్టిలో ఒరిగిపోయిన ఇనప గేటు బొమ్మ.

"చూడండి, ముట్టుకోకండి, మీ చేతులన్నీ చిప్స్ జిడ్డు. మరి రాసుకో మహీన్. పారమట్టాలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు, నేను చేరి రెండు వారాలు. మా బాసు పేరు కెవిన్. శుక్రవారం ఆర్వో, అదే మధ్యాహ్నం, ఆఫీసు వెనకాల సాసేజ్‌లు కాల్చుకోవడానికి బార్బీ పెట్టారు. కెవిన్ పాత ప్లేయరొకటి తెచ్చి, ఆనంద్, నీకు ఈ పాటలు తెలుసా అన్నాడు. ఏదో కొద్దిగా అన్నాను. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసుగా."

"తెలుసు అంకుల్," అన్నాడు హస్సాన్, చిప్స్ నములుతూ.

"మొదటి పాట పెట్టాడు. డ్రమ్ములతో మొదలు. నాలుగు దెబ్బలు విన్నానో లేదో, కెవిన్, వీడు ఎడమచేతివాటం మనిషి, అన్నాను. అందరూ అట్ట తిప్పి ఫోటో చూశారు. ఎడమచెయ్యే! ఇది పెద్ద విషయం కాదు, చెవి ఉన్నవాడెవడైనా చెబుతాడు. రెండో పాటలో గిటారు మూడో తీగ కొంచెం వదులు. అది కూడా చెప్పాను. మూడో పాటలో పాడేవాడు గొంతెత్తగానే, ఈయన పొద్దున మాంసం కూరిన మీట్ పై తిన్నాడు, సాస్ వేసుకోలేదు, అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"హౌ కెన్ యూ హియర్ సాస్?" అంది పింకీ.

"వినపడేది సాస్ కాదమ్మా, సాస్ లేకపోవడం. అది గొంతులో తెలిసిపోతుంది. నాలుగో పాట నెమ్మదైనది. దాని మధ్యలో దూరంగా ఒక కుక్క మొరిగింది. ఇరవై ఐదేళ్లుగా ఆ రికార్డు వింటున్న కెవిన్‌కే అది ఎన్నడూ వినపడలేదట! కెల్పీ జాతి, ఆడది, మూడేళ్లు, ఎడమ ముందుకాలికి ముల్లు దిగింది, అన్నాను. కెవిన్ ఆ పాడినాయనకి ఫోన్ కొట్టి అడిగాడు. ఆయన ఫోన్ కింద పడేశాడట. ఎందుకంటే ఆ కుక్కకి ముల్లు దిగిన సంగతి కుక్కకీ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలీదు."

మహీన్ తలెత్తకుండా రాస్తోంది. రెండు పేజీలు నిండాయి. "అంకుల్, కెల్పీ స్పెల్లింగ్?" అని మాత్రం అడిగింది. అంకుల్ చెప్పారు.

"అక్కడితో ఒక వైపు అయిపోయింది. రికార్డు తిప్పాడు. అప్పటికి ఆఫీసు ఆఫీసంతా వచ్చి చుట్టూ నిలబడింది. ఐదో పాట మహా వేడి పాట. ఎంత వేడంటే, నేను దాని రుచి ఇదీ అని వివరిస్తుంటే, స్టౌ ఆర్పేసి ఉన్నా సాసేజ్‌లు వాటంతటవే కాలాయి. ఒక వైపే కాలాయి. గిటారు అటు పక్కన వాయించారు మరి. ఆరో పాట వాన గురించి. ఆ వాన ఎక్కడ కురిసిందో, ఏ రేకుల మీద పడిందో చెబుతూ ఇలా చెయ్యి చాపానో లేదో, చినుకు! పారమట్టాలో కాదు, ఎక్కడో దూరాన డబ్బో అనే ఊళ్లో. అక్కడ మూడేళ్ల నుంచి కరువు. రైతులు ఆఫీసుకి ఫోన్ చేసి, ఇక చాలు, గొర్రెలు తడుస్తున్నాయి, ఆ మనిషిని ఆపండని బతిమాలారు."

"నో వే అంకుల్!" అన్నాడు హస్సాన్.

"నేనూ అదే అన్నాను. నో వే, పాట సగంలో ఆపకూడదు, అది కళకి అవమానం అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడో పాట! తొమ్మిది నిమిషాలు ఒంటి గిటారు. వైటూకే అంటే ఏమిటో మీకు చెప్పాను కదా. కంప్యూటర్లు సంవత్సరానికి చివరి రెండంకెలే దాచుకునేవి, రెండువేలు రాగానే సున్నా సున్నా చూసి పంతొమ్మిది వందలనుకునేవి. అది సరిచేయడానికే మమ్మల్ని పిలిచారు. ఏడు లక్షల లైన్ల కోబాల్. ఏడో పాట మొదలవగానే నేను వేలితో తాళం వేస్తూ, ఇదిగో ఇక్కడ రెండు, ఇక్కడ నాలుగు, అని లెక్క చెబుతున్నాను. లోపల పెద్ద కంప్యూటర్ అది విన్నది. రెండంకెల చోట నాలుగంకెలు అదే పెట్టుకుంటూ పోయింది. తొమ్మిది నిమిషాల్లో ఏడు లక్షల లైన్లు! ఒక్క తప్పు లేదు. కాదు, ఒకటుంది, అది గిటారు వాయించినవాడి తప్పు."

లోపల్నించి కాత్యాయని ఆంటీ, "ఏమండీ, ఆ పని మీరు పదకొండు నెలలు చేశారు కదా," అంది.

"మిగతా పది నెలలా పదిహేను రోజులూ సరిచూసుకున్నాం కాత్యాయనీ. ఇక ఎనిమిదో పాట. చాలా మెత్తటిది. అప్పట్లో రౌస్ హిల్ దాకా ఇన్ని ఇళ్లు లేవు, అంతా గడ్డి. అక్కడి కంగారూలు ఒక్కొక్కటీ లేచి, ఎత్తు ప్రకారం వరసగా నిలబడ్డాయి. పొట్ట సంచుల్లోని పిల్లలు కూడా తలలు బయటపెట్టాయి. పాట అయ్యాక దేశమంతా ఒక నిమిషం మౌనం. కెవిన్ కన్నీళ్లు తుడుచుకుని, ఆనంద్, ఈ రికార్డుకి నిజమైన యజమాని నువ్వే అని, అప్పటిదాకా తిరిగిన ఈ రికార్డుని ప్లేయర్ మీంచి తీసి, ఇలా నా చేతుల్లో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది."

ఆయన ఆ ఊపులో రికార్డుని మహీన్ చేతుల్లో పెట్టేశారు. మహీన్ చేతులు గౌనుకి తుడుచుకుని అందుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అంచు వెంట వేలు పోనిచ్చింది.

"అంకుల్, ఆ రోజు ప్లే చేసింది ఇదేనా?"

"ఇదే."

"ష్యూర్?"

"మాస్టారుగా పనిచేసినవాణ్ని తల్లీ, అబద్ధమాడతానా?"

"మరి దీని ప్లాస్టిక్ ఇంకా తీయలేదేంటి? చుట్టూ సీల్ ఉంది."

హస్సాన్ నమలడం ఆపాడు. పింకీ వంగి చూసి, "ఇట్స్ బ్రాండ్ న్యూ," అని తేల్చింది.

అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఏం? మనింట్లో టీవీ రిమోట్‌కి కవరు తీశామా? టీవీ నడవడం లేదా?"

"మనకి రికార్డులు పెట్టే ప్లేయరే లేదు కదండీ," అంది కాత్యాయని ఆంటీ.

మహీన్ నోట్‌బుక్ వైపు చూసుకుంది. ఆరు పేజీలు. "అంకుల్," అంది చిన్నగా, "రేపు ఫస్ట్ పీరియడ్. దీంట్లో ఒక్కటైనా ట్రూనా? నేను మళ్లీ అక్కడ నిలబడి..."

ఆనందరావుగారు కాసేపు చాప అంచు సరిచేశారు.

"కెవిన్ ఉన్నాడు. అది నిజం. ఈ పాటలు తెలుసా అనీ అడిగాడు. నేను తల ఇలా పక్కకి ఊపాను. మన దగ్గర దానర్థం, ఊఁ, చెప్పండి, వింటున్నా అని. తెలుసని చెప్పాననుకున్నాడు పాపం. కొత్త ఉద్యోగం, కాదనడానికి నోరు రాలేదు. అప్పట్నించి రోజూ లంచ్‌లో పక్కన కూర్చుని ఈ పాటల గురించి చెప్పేవాడు, నేను తల ఊపేవాణ్ని. పదకొండు నెలలు. నేను ఆ ఆఫీసు వదిలి వెళ్లేరోజున, ఇరవై ఐదేళ్ల కిందట తను రెండు కొన్నాననీ, వినడానికొకటి, దాచుకోవడానికొకటి అనీ చెప్పి, దాచుకున్నది నాకిచ్చాడు. ఇక ఏ మొహం పెట్టుకుని విప్పను? కెవిన్ చెప్పింది విన్నాను మహీన్. పాట వినలేదు."

హస్సాన్ నవ్వబోతే పింకీ మోచేత్తో పొడిచింది.

"మీ బడిలో ప్లేయర్ ఉందా?" అన్నారు అంకుల్.

"మ్యూజిక్ రూమ్‌లో ఉంది. మిస్ ఎనిమిదింటికే వస్తారు."

"క్లాసు తొమ్మిదింటికి. ఎనిమిది పాటలు, నలభై నిమిషాలు. సరిపోతుంది." ఆయన రికార్డు తీసుకుని, గోరుతో ప్లాస్టిక్ మూల ఎత్తి, ఒక్క గుంజు గుంజారు. చర్రుమంది. లోపల్నించి కాత్యాయని ఆంటీ బయటికొచ్చి చూసింది. "వినకుండా చెప్పకు. ఒక్క పాటే అర్థమైతే ఒక్క పాట గురించే చెప్పు. ఐదు నిమిషాలకి అది చాలు."

మహీన్ ఆరు పేజీలూ వెనక్కి మడిచి, కొత్త పేజీ మీద 'ఒకటి' అని అంకె వేసి, కింద ఖాళీ వదిలింది. తర్వాత అడిగింది:

"అంకుల్, ఎనిమిదింటికి మీరూ వస్తారా? మీరూ వినలేదు కదా."

ఆనందరావుగారు తల ఊపబోయి, ఆగారు.

"వస్తాను," అన్నారు నోటితోనే. "ఆఫీసుకి లేటని చెప్తాను. ఇంకా కూర్చున్నారేం? చీకటి పడుతోంది, మీ అమ్మలు అన్నాలు వడ్డించి ఎదురుచూస్తుంటారు. లేవండి, లేవండి. హస్సాన్, ఆ చిప్స్ ఇక్కడ పెట్టి, ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిను."