రెండో నల్ల పెడల్

శనివారం మధ్యాహ్నం మౌంట్ హెర్మన్ చర్చి కింది హాల్లో చేపలు వేగుతున్నాయి. మర్నాడు సంఘానికి నలభయ్యో వార్షికోత్సవం. దక్షిణ షికాగోలోని మరో అయిదు చర్చిల వాళ్లు వస్తున్నారు. పొడుగాటి బల్ల చివర డీకన్ పింక్‌నీ టైపు మిషను ముందు కూర్చుని కార్యక్రమం కాగితం కొడుతున్నాడు. ప్రార్థన ఎవరిదో, స్వాగతం ఎవరిదో, అన్నీ అయ్యాయి. ‘ఆర్గన్’ అన్న మాట పక్కన మాత్రం ఖాళీ ఉంది.

ఆ ఖాళీ థర్మన్ బ్యాగ్లీ కూర్చున్న చోటి నుంచి బాగా కనిపిస్తోంది.

థర్మన్ సిటీ బస్సు డ్రైవరు. యాభై రెండేళ్ల మనిషి. బుధవారం ప్రార్థనలకి ఈ కింది హాల్లో ఉన్న పియానో వాయిస్తాడు. పైన ఆరాధన హాల్లో ఆర్గన్ వాయించే ముసలాయన కిందటి క్రిస్మసుకి పోయినప్పుడు, ఇక ఆ పీట తనదే అనుకున్నాడు. ఫిబ్రవరిలో ఆర్కన్సా నుంచి వెర్నెల్ టేట్ అనే ఇరవై ఆరేళ్ల పిల్ల వచ్చింది. ఒక్క ఆదివారం వాయించింది. పాస్టరుగారు ఆర్గన్ మూత తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. ఎనిమిది నెలలుగా థర్మన్ ఆ మూత కింద ఏముందో చూడలేదు. తాళంచెవి ఇప్పుడు కూడా ఆమె మెడలోనే ఉంది. వంటగది కిటికీ అవతల ఆమె చేప ముక్కలకి మొక్కజొన్న పిండి అద్దుతూ వంగినప్పుడల్లా అది ముందుకి ఊగుతోంది. అది ఊగినప్పుడల్లా థర్మన్ చూపు దాని వెంటే పోతోంది.

వార్షికోత్సవానికి మాత్రం ఎవరు వాయించాలో నువ్వే తేల్చమని పాస్టరుగారు డీకన్‌కి వదిలేశారు.

“నేనేం గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు డీకన్ గారూ,” అన్నాడు థర్మన్, కిటికీ అవతలికి కూడా వినబడేలా. “ఉన్నమాటే చెబుతాను. నలభై ఆరులో, సైన్యం నుంచి వచ్చిన కొత్తలో, మెంఫిస్‌లో ఓ చర్చిలో ఆర్గన్ వాయించే ఎల్డర్ సైలస్ క్రౌడర్ గారని ఉండేవారు, మీరు పేరు వినే ఉంటారు, వినకపోతే మీ దురదృష్టం. ఆయన ఎవరికీ ఆర్గన్ నేర్పేవాడు కాదు. చూసి దొంగిలించుకోవాల్సిందే. ఏడు వారాలు ఎడమవైపు మొదటి బెంచీ మీద కూర్చున్నాను. అందరూ చేతులు చూస్తారు, వెర్రివాళ్లు. నేను ఎడమకాలు చూశాను. పాట చేతుల్లో ఉంటుంది, ప్రాణం ఎడమకాల్లో ఉంటుంది.”

“అది మాత్రం నిజం,” అన్నాడు క్యాబేజీ తరుగుతున్న ఐసమ్. అతను చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు.

ఆ ఒక్క మాటతో థర్మన్‌కి బలం వచ్చింది.

“ఏడో వారం ఆయన కనిపెట్టాడు. పీట చుట్టూ తెర కట్టించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్గన్ వెనక చెక్క ఊడదీసి నేను లోపల దూరాను!”

“ఆర్గన్ లోపలా?” అంది మదర్ ఒడెస్సా. చర్చిలో అందరికంటే పెద్దామె, మనిషిని నిలువునా ముంచే బాప్తిస్మపు తొట్టి శుభ్రం చేసే పని ఆమెది. ముద్దొచ్చే పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. “ఈ పొట్టతోనా నాయనా?”

“అప్పుడు పొట్ట లేదమ్మా! మూడు గంటల ప్రసంగం, లోపల పొయ్యిలా కాలిపోతోంది, ఆయన కాళ్ల కింది పెడల్ తొక్కిన ప్రతిసారీ ఒక్కో పక్కటెముకకి ఒక్కో స్వరం తగిలేది. ఇప్పటికీ దగ్గితే నా దగ్గు శ్రుతిలో వస్తుంది. సరే, కాళ్లు వచ్చేశాయి, మరి లాగుడు పుల్లలో? గొంతు మార్చేది అవే కదా, ఏది ఎంత బయటికి లాగాలో అదే అసలు రహస్యం. ఎల్డర్ గారు పీట మీంచి లేచే ముందు అన్నిటినీ లోపలికి తోసేసేవాడు, ఎవరి కంటా పడకుండా.”

“మంచి వాళ్లంతా తోసేస్తారు,” అన్నాడు ఐసమ్. “వెర్నెల్ కూడా తోసేస్తుంది.”

“వెర్నెల్ సంగతి ఇప్పుడెందుకు?” అన్నాడు థర్మన్ చప్పున. కిటికీలోంచి చిన్నగా కూనిరాగం వస్తోంది. ఆ పిల్లకి చేపలు కడుగుతున్నా శ్రుతి తప్పదు. అదే ఒళ్లు మంట. గొంతు ఇంకాస్త పెంచాడు. “నేనేం చేశానంటే, జనం వెళ్లాక ఒక్కో పుల్ల వాసన చూశాను. ఎల్డర్ గారు తలకి నూనె దండిగా రాసేవాడు. ఏ పుల్లకి ఎంత నూనె వాసన ఉంటే అది అంత బయటికి లాగినట్టు! కళ్లు మూసుకుని, ఒట్టి ముక్కుతో, తొమ్మిది పుల్లల లెక్కా తీసేశాను.”

ఐసమ్ కత్తి పక్కన పెట్టాడు. “ఒరేయ్ థర్మన్, నీ ముక్కుని వేలం వేస్తే కుక్కలు అప్పు చేసి కొనుక్కుంటాయి.”

అందరూ నవ్వారు. డీకన్ కూడా నవ్వాడు గానీ అతని వేళ్లు మిషను మీద కదల్లేదు. థర్మన్ చూపు ఆ వేళ్ల మీదే ఉంది.

“నవ్వండి, నవ్వండి. ఆ వేసవిలో ఎల్డర్ గారి మణికట్టు బెణికింది. ఊళ్లో ఓ షావుకారు అంత్యక్రియలు. పీట ఎక్కింది ఎవరు? నేను. రెండో చరణానికి పెట్టెలో ఉన్నాయన కాలు ఆడించాడు. మూడో చరణానికి లేచి కూర్చున్నాడు. ‘బాబూ, అర స్వరం పైకెత్తు’ అన్నాడు. ఎత్తాను. ‘ఇప్పుడు నిశ్చింతగా పోతాను’ అని మళ్లీ పడుకున్నాడు. అంతలో మెంఫిస్ అంతటా కరెంటు పోయింది. ఆర్గన్ ఆగిందా? ఆగలేదు! నా కాలంటే దానికి అంత భయం. ఇంకో నాలుగు చరణాలు కరెంటు లేకుండానే మోగింది. అవతల నదిలో పడవలు ఆగిపోయాయి, రైలు డ్రైవరు రైలు దిగి గుమ్మంలో మోకరించాడు.”

“రైల్లో జనమో?” అంది మదర్ ఒడెస్సా.

“కానుకల పళ్లెం పట్టుకుని తిరిగారమ్మా! ఇంక ఎల్డర్ గారు తట్టుకోలేకపోయాడు. కన్నీళ్లతో నా దగ్గరికి వచ్చి, ఎవరికీ చెప్పని చివరి కిటుకు చెప్పాడు. డీకన్ గారూ, ఇది షికాగోలో నాకొక్కడికే తెలుసు. ఎడమ నుంచి రెండో నల్ల పెడల్ ఉంటుంది చూడండి, దాన్ని ఎప్పుడూ తొక్కకూడదు. అక్కడికి వచ్చేసరికి మడమ ఇలా ఎత్తి, దాన్ని దాటేసి, కుడివైపు పై స్థాయిలో ఉన్న దాని జోడీ మీదికి దూకాలి. ఆ దూకుడులోనే ఉంది ఆత్మ అంతా. ఇదిగో, చూడండి.”

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. బూటు విప్పాడు. మేజోడుతో ఎడమకాలు నేల మీద నడిపించాడు. మెత్తగా మూడు అడుగులు, మడమ చిన్నగా ఎగరేయడం, ఒక్క దూకుడు. కోతలన్నీ పక్కన పెడితే, ఆ కాలు మాత్రం నిజంగా అందంగా నడిచింది. డీకన్ ముందుకు వంగాడు. మిషను మీద అతని చూపుడువేలు ‘థ’ అక్షరం కోసం కదిలినట్టే అనిపించింది థర్మన్‌కి.

కూనిరాగం ఆగిపోయింది.

వెర్నెల్ మోచేతుల దాకా పిండితో కిటికీలోంచి వంగి అతని కాలు చూస్తోంది. “బ్రదర్ థర్మన్, ఇంకోసారి చెయ్యరూ?”

అతనికి లోలోపల పండగైంది. చేశాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా, బడి పిల్లలకి చూపించినట్టు.

“మెంఫిస్‌లో కూడా ఆ పెడల్ పాడైందా?” అంది ఆమె.

“ఏంటి?”

“మన ఆర్గన్‌కి అది మోగదు. ఈస్టరు బాప్తిస్మాలప్పుడు తొట్టి పొంగి నీళ్లు కిందికి దిగాయి కదా, అప్పుడు చచ్చింది. గత్యంతరం లేక దాన్ని దాటి దూకుతున్నాను. అంతకు ముందు నేనెప్పుడూ దూకలేదు. మడమ ఎగరేయడం నా కుడి బూటుకంటే ఎడమది కాస్త వదులు కాబట్టి.”

థర్మన్ కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

“అదా సంగతి!” అంది మదర్ ఒడెస్సా నెమ్మదిగా. “శుక్రవారం శుక్రవారం తొట్టి కడుగుతుంటే బస్సు టికెట్ ముక్కలు దొరుకుతున్నాయి. బస్సులో వచ్చి చెప్పకుండా బాప్తిస్మం తీసుకుని పోతున్నదెవరా అనుకున్నాను. గురువారం నీకు సెలవు కదూ నాయనా? గురువారమే కదూ ఈ పిల్ల సాధన చేసేది? తొట్టి ముందు తెర ఉంది, తెర ముందు ఆర్గన్ పీట ఉంది.”

ఐసమ్ క్యాబేజీ మీద తల పెట్టుకుని నవ్వాడు. “ఎండిన తొట్టిలో ఎనిమిది నెలలు! మునగకుండానే తేలాడు మావాడు!”

“మెంఫిస్‌లో తొట్టి కాదు, నదే పొంగింది...” అని మొదలుపెట్టాడు థర్మన్. వాక్యం సగంలో ఆగిపోయింది. నది దాకా వెళ్లే ఓపిక లేదు. ఒంటి బూటుతో కూర్చుని మేజోడు వైపు చూసుకున్నాడు. ఏడు వారాలు కాదు, ముప్పై వారాలకి పైగా చూశాడు ఆ కాలుని. అంత జాగ్రత్తగా చూసి చివరికి నేర్చుకున్నది ఆర్గన్‌కి పట్టిన రోగం.

డీకన్ మిషను వైపు తిరిగాడు. టక టక టక. ఆ ఖాళీలో పడుతున్నది ఎవరి పేరో థర్మన్ చూడలేదు. చూడనక్కర్లేదు.

వెర్నెల్ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. మెడలోని తాళంచెవికి పిండి అంటింది. “నిన్ననే మెకానిక్ వచ్చి ఆ పెడల్ బాగు చేశాడు,” అంది. “ఇప్పుడు మోగుతుంది. కానీ నా కాలు ఇంకా దాన్ని చూస్తే దూకుతోంది. రేపు అంతమంది ముందు ఏం చేస్తుందో నాకే తెలియదు.” తాళంచెవికి అంటిన పిండి దులిపింది. “తెర వెనక నుంచి కాలే కనిపిస్తుంది బ్రదర్, చెయ్యి కనిపించదు. రేపు ఎనిమిదింటికి రండి. ఎడమపక్క కూర్చుని నా కాలు దూకితే చెప్పండి. దాన్ని మీకంటే బాగా ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.”

థర్మన్ బూటు తొడుక్కున్నాడు. తాడు రెండుసార్లు కట్టాడు. ఆమె మీద అసూయ అలాగే ఉంది, మాట మంచిగా అన్నందుకు ఇంకాస్త పెరిగింది కూడా.

“ఎనిమిదింటికి ఎందుకు?” అన్నాడు తల ఎత్తకుండా. “ఏడింటికే వస్తాను. పుల్లలు మాత్రం లోపలికి తోసెయ్యకు.”